తలుపు గడియ ఎందుకు వేశాడంటే

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అనగానే ఎవరో పోయారనుకుని కంగారు పడకు. ఈ రోజుల్లో చేత్తో రాసిన కాగితం ఇంటికొస్తే అందరూ ముందు అదే అనుకుంటారు. ఎవరూ పోలేదు. నేనే వచ్చేశాను, చెప్పకుండా.

మా అబ్బాయికి స్నేహితురాలింటికి వెళ్తున్నానని చెప్పాను. అది అబద్ధం. నేనున్నది టీవీ వాళ్ళ హాస్టల్లో. కొత్తగా ఒక పాటల నాటకం వేయబోతున్నారు. సినిమా కాదు, సీరియల్ కాదు, నిఖార్సయిన నాటకం, పెద్ద స్టేజీ మీద ఏడాది పొడుగునా ఆడుతుందట. అందులో ముఖ్య పాత్రకి మనిషి కావాలి. ఆ మనిషిని టీవీలో పోటీ పెట్టి, జనం చేత ఓట్లు వేయించి తేలుస్తారట. బస్టాండులో గోడమీద ప్రకటన చూశాను. రిటైరయ్యాక కూడా బస్టాండుకి ఏం పని అని అడుగుతావు. ఉద్యోగమంతా అక్కడే చేసినదాన్ని, ఇంకెక్కడికి పోను?

ఆ పాత్ర నది దాటించే పడవ మనిషిది. పడుచుతనంలో తెడ్డు పట్టుకుంటుంది. ముసలితనంలో, నది మీద వంతెన కడతాం, పడవ తీసెయ్యమని పెద్దమనుషులు వస్తే తీయనని కూర్చుంటుంది. వచ్చినవాళ్ళంతా పాతికేళ్ళ లోపు పిల్లలు. పేర్లు రాసుకునే గుమాస్తా నన్ను చూసి, మనవరాలి కోసం వచ్చారా అమ్మా అన్నాడు. నా కోసమే వచ్చానన్నాను. పడుచుపిల్లలకి ముడతలు అంటించగలం గానీ ఉన్న ముడతలు పీకలేం కదా అని నవ్వాడు. "నాయనా, ఆవిడ నాటకంలో పడుచుగా ఉండేది ఒక్క రంగమే. మిగతాదంతా ముసలిదే. ఎవరికి ఎక్కువ రంగు ఖర్చవుతుందో నువ్వే చూసుకో" అన్నాను. పాడమన్నారు. పాడాను. ఉంచుకున్నారు.

ఇక్కడ ఫోన్లు తీసేసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. బయటివాళ్ళతో మాట్లాడకూడదని ఒప్పందం. ఉత్తరాలు రాయకూడదని మాత్రం అందులో లేదు. ఇంకా ఉత్తరాలు రాసేవాళ్ళు ఉంటారని వాళ్ళకి తట్టలేదు. నువ్వూ రాయి.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. నేనిక్కడికి సరదాకి రాలేదురా. నాకు ఆ పాత్ర కావాలి. ఇన్నేళ్ళలో దేన్నీ ఇంత గట్టిగా కావాలనుకోలేదు.

నీ అక్క

జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి నేనొక వైద్యం పుస్తకానికి అట్ట కడుతున్నాను. నీకు తెలుసుగా నా చదువు సంగతి. బడి మొహం చూడనివాణ్ణి, బైండింగుకి వచ్చిన పుస్తకాల్లో ఏ కాగితాల మడత చేతికొస్తే ఆ మడత చదివి ఇంతవాణ్ణయ్యాను. అందుకే నాకు దేనికీ మొదలు తెలియదు, చివర తెలియదు, నడుములు మాత్రం కంఠతా వచ్చు. ఆ రోజు చేతికొచ్చిన మడతలో కాలేయం చెడినవాడి లక్షణాలున్నాయి. ఒక్కొక్కటే చూసుకుంటే అన్నీ నాకున్నాయి. తర్వాతి మడత దొరికి, అందులో "పై లక్షణాలు ఆరోగ్యవంతులలో సైతం సహజమే" అన్న వాక్యం చదివేదాకా భోజనం సయించలేదు. నీ ఉత్తరం కూడా అలా నడుములోంచే మొదలుపెట్టి చదివాను. "ఉంచుకున్నారు" అన్న మాట ముందు కనపడి, పోలీసులేమో అనుకున్నాను.

ఇక మీవాడి సంగతి. టీవీ ప్రకటనలో నీ మొహం చూసి నేరుగా నా కొట్టుకి వచ్చాడు. ఆ మేనల్లుడు నా ఎదుట ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు, అదే భయమేసింది. "మావయ్యా, నీకు ముందే తెలుసా?" అని మాత్రం అడిగాడు. తెలియదన్నా నమ్మలేదు. వాడి కళ్ళజోళ్ళ కొట్టుకి వచ్చినవాళ్ళు గోడమీద అక్షరాలు చదవడం మానేసి, టీవీలో ఉన్నావిడ మీ అమ్మగారేనా అని వాణ్ణే అడుగుతున్నారట. వాడికి తల కొట్టేసినట్టుంది.

నాకూ అలాగే ఉంది, దాచడమెందుకు. శనివారం నీ కార్యక్రమం ఇస్త్రీ ఆయన కొట్టులో చూశాను. మా వీధిలో పెద్ద టీవీ ఆయనదే. నువ్వు స్టేజీ ఎక్కావు. జడ్జి ఏదో అడిగాడు. నువ్వు నోరు తెరిచావు. అంతలో జనమంతా పగలబడి నవ్వడం చూపించారు, వెనకాల బూరా ఒకటి ఊదారు. కొట్టులోవాళ్ళూ నవ్వారు. నేను లేచి అందరినీ దులిపేశాను. ఆ గొడవలో ఇస్త్రీ ఆయన ఎవరిదో తెల్ల చొక్కా మాడ్చాడు.

వాళ్ళు నిన్ను ఆటపట్టించడానికి పిలిచారక్కా. పరువు మిగిలుండగానే వచ్చెయ్. ఛార్జీలు చాలకపోతే రాయి.

నీ తమ్ముడు

జూన్ 15

తమ్ముడూ,

కాలేయం జాగ్రత్త.

ఆ నవ్వు నాదేరా. జడ్జి అడిగింది, ఈ వయసులో ఊపిరి సరిపోతుందా అని. "బస్సు కదిలేలోపు ఎక్కేవాళ్ళనీ, దిగేవాళ్ళనీ, టికెట్టు ఎగ్గొట్టేవాళ్ళనీ ఒకే ఊపిరిలో తిట్టినదాన్ని నాయనా, నీ పాటకి రెండు చరణాలేగా" అన్నాను. హాలంతా నవ్వింది. నా మాట కోసేసి నవ్వు మాత్రం ఉంచుకున్నారన్నమాట. ఇక్కడ మాకు టీవీ చూపించరు, నువ్వు రాసేదాకా తెలియలేదు. వచ్చెయ్ అని మాత్రం మళ్ళీ రాయకు. ఇప్పటికి సగం మందిని పంపేశారు. నేను మిగిలాను.

ఇక్కడ ఒకమ్మాయి ఉంది. మా అందరి వెనకాలా చేతి రుమాళ్ళ పెట్టె పట్టుకుని తిరుగుతుంది. నేను రుమాలమ్మాయి అని పేరు పెట్టాను. ఎవరైనా ఏడిస్తే అందించడం ఆమె పని కాదు, ఏడిపించడం ఆమె పని. చెడ్డపిల్ల కాదు. నిద్ర చాలని పిల్ల. రోజూ నా మంచం అంచున కూర్చుని తవ్వుతుంది. చిన్నప్పుడు కష్టాలు పడ్డారా? అందరిలాగే. మీ ఆయన పోయినప్పుడు పాట ఆగిపోయిందా? ఆగలేదు, వంటింట్లోకి మారింది. ఆయన మిమ్మల్ని పాడనిచ్చేవారా? ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. "పాడనివ్వడానికి నేనేమైనా ఆయన దగ్గర సెలవు చీటీ పెట్టుకునే గుమాస్తానా?" అన్నాను. ఆమె దిగులుగా చూసి, అమ్మా, మిగతా అందరికీ ఒక కథ ఉంది, మీకే లేదు అంది. నాకు గొంతు ఉంది, చాలదా అన్నాను. చాలదట.

నా దగ్గర తేలలేదు కాబట్టి నీ దగ్గరికి రావచ్చు. వస్తే మర్యాదగా కూర్చోబెట్టి, నాలుగు ముక్కలు చెప్పి పంపెయ్. నాలుగంటే నాలుగే. నీ నోరు తెరుచుకుంటే ఎక్కడ మూసుకుంటుందో నీకే తెలియదు.

మేనల్లుడికి చెప్పు, వచ్చినవాళ్ళ చేత ముందు అక్షరాలు చదివించమని.

నీ అక్క

జూన్ 17

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు గానీ ఆగలేక రాస్తున్నాను. వచ్చెయ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గెలిచే రా.

ఏం జరిగిందంటే, టీవీ వాళ్ళు నా కొట్టుకి వచ్చారు. ఒక వ్యాను, రెండు దీపాలు, దీపాల కన్నా వేడిగా ఉన్న ఒక కెమెరా ఆయన, పెట్టె నిండా రుమాళ్ళతో ఒకమ్మాయి. జిగురు డబ్బా తీసి బయట పెట్టారు, వాసనొస్తోందట. కెమెరాకి వాసన ఎలా తెలుస్తుందని అడిగితే నవ్వి ఊరుకున్నారు. నా మొహానికి పౌడరు కొట్టారు. పెళ్ళిలో కూడా నా మొహానికి ఎవరూ పౌడరు కొట్టలేదు. వెనకాల పుస్తకాలన్నీ అందంగా పేర్చారు, తలకిందులుగా.

ఆ అమ్మాయి ఎంత శ్రద్ధగా వింటుందక్కా. నా పెళ్ళాం బతికున్నన్నాళ్ళూ అంత శ్రద్ధగా నా మాట వినలేదు. నీ చిన్నతనం చెప్పాను, నీ మొదటి బస్సు చెప్పాను. బావ గురించి అడిగింది. ఇక నాకు పండగే. నువ్వు పాడుతుంటే బావ తలుపు గడియ వేసిన కథ చెప్పాను. నేనెలా చెబుతానో నీకు తెలుసుగా, అలాగే చెప్పాను, ఒక్క మెట్టు కూడా తగ్గించకుండా. సగంలోనే ఆ అమ్మాయి రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది. ఆ పెట్టెలోంచి తనే ఒకటి వాడుకోవడం చూసి, కెమెరా ఆయన కూడా ఆశ్చర్యపోయాడు.

శనివారం వస్తుందట. ఇస్త్రీ కొట్టులో ముందు వరస నాకే. చూశాక నువ్వు మురిసిపోతావు.

నీ తమ్ముడు

జూన్ 26

తమ్ముడుగారికి,

మీరు మురిసిపొమ్మని రాశారు. మురిసిపోయాను.

మామూలుగా మాకు టీవీ చూపించరు. మీది మాత్రం ప్రత్యేకంగా స్టేజీ మీద తెరకట్టి చూపించారు, నా ఎదురుగా ఇంకో కెమెరా పెట్టి. మీరు పౌడరు రాసుకుని కూర్చుని చెబుతున్నారు: "మా అక్క పాట అందుకుంటే చాలు, మా బావ లేచి వీధి తలుపు గడియ వేసేవాడు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేవాడు. నేను బయట నిలబడి తలుపు బాదినా తీసేవాడు కాడు." వెనకాల ఎవరో విషాదంగా వాయించారు. అక్కడితో ఆపి దీపాలు ఆర్పేశారు. హాలంతా ముక్కులు చీదిన చప్పుడు.

బావ గడియ ఎందుకు వేసేవాడో మీకు తెలియదా? రేడియోలు బాగుచేసే మనిషి. రిపేరుకి టేప్ రికార్డరు వస్తే, బాగైందో లేదో చూడ్డానికి నా పాటే ఎక్కించేవాడు. వీధిలో మోత లోపలికి రాకూడదని గడియ వేసేవాడు. పక్కింటి ఏడుపులు టేపులో పడకూడదని గుడ్డలు కుక్కేవాడు. మీరు తలుపు బాదినప్పుడల్లా, మళ్ళీ మొదటినుంచి పాడవే, మీ తమ్ముడు తాళం వేశాడు అని నవ్వేవాడు. ఆ టేపులన్నీ రికార్డర్లతో పాటే ఖాతాదారుల ఇళ్ళకి పోయాయి. ఇప్పుడు నా దగ్గర సాక్ష్యం ఒక్కటీ లేదు. ఒక్క సాక్షి ఉన్నాడు, ఆ సాక్షి మీరు.

అది అబద్ధమని అక్కడికక్కడే చెప్పాను. ఆ ముక్క కూడా కోసేసి ఉంటారు. ఈ వారం ఓట్లలో అందరికన్నా పైన ఉన్నానట. "అమ్మా, కోపం తగ్గాక ఆలోచించండి, ఇది మీకు మంచిదే" అంది రుమాలమ్మాయి.

పోయిన మనిషిని పెట్టి ఓట్లు కొనుక్కోమని మిమ్మల్ని ఎవరడిగారు?

ఇట్లు
మీ అక్కగారు

జూలై 1

అక్కా,

నన్ను తిట్టు, కొట్టు. మీరు అని మాత్రం రాయకు. ఆ అక్షరం దగ్గర ఆగిపోయి పొద్దంతా ఒక్క పుస్తకం కుట్టలేకపోయాను.

నేను రెండో సగం చెప్పాను. ప్రమాణం చేసి చెబుతున్నాను. టేప్ రికార్డరు చెప్పాను, గుడ్డలు ఎందుకో చెప్పాను, "మీ తమ్ముడు తాళం వేశాడు" అన్న మాట బావ గొంతులోనే చెప్పాను. ఆ అమ్మాయి నవ్వింది కూడా. నవ్వింది ఉంచుకోలేదు, ఏడ్చింది ఉంచుకుంది. నాలుగు ముక్కలే చెప్పమని నువ్వు రాసిన ఉత్తరం వాళ్ళ వ్యాను వెళ్ళాక వచ్చింది.

అయినా తప్పు నాదే, ఎలాగో చెబుతాను. నేను ఏ కథ చెప్పినా ముందు మనిషిని రాక్షసుణ్ణి చేస్తాను. విన్నవాళ్ళు పళ్ళు నూరుతుంటే, అప్పుడు మెల్లిగా తిప్పి దేవుణ్ణి చేస్తాను. ఆ తిప్పు దగ్గరే నాకు కిక్కు. అందరూ చివరిదాకా కూర్చుంటారన్న నమ్మకం మీద బతికినవాణ్ణి. కత్తెర ఉన్నవాడి చేతికి నేనే అచ్చంగా సగానికి మడిచి ఇచ్చాను, మడత మీద కోసుకున్నాడు.

వాళ్ళ ఆఫీసుకి ఫోను చేశాను. సంగీతం వినిపించారు. బస్సెక్కి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి నన్ను గుర్తుపట్టి, మీరు టీవీలో భలే ఏడిపించారు సార్ అని చెయ్యి కలిపాడు. లోపలికి మాత్రం పంపలేదు.

ఇంకోటి రాయాలి. రాయకూడదనుకున్నాను గానీ రాయాలి. మీవాడు గోడమీంచి బావ ఫోటో దించేశాడు. నేను వెళ్ళేసరికి గోడమీద తెల్లటి నలుచదరం ఉంది. తండ్రి పోయేనాటికి వాడికి మాటలు కూడా సరిగ్గా రావు కదా. "నాన్న ఇలాంటివాడని ఇన్నాళ్ళూ ఇద్దరూ ఎందుకు దాచారు?" అన్నాడు. నేను కూర్చోబెట్టి రెండో సగమంతా చెప్పాను. అంతా విని ఏమన్నాడో తెలుసా?

"మావయ్యా, నువ్వు చెప్పే కథలన్నీ చివర్లో మంచిగానే తేల్తాయి. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఇది కూడా తేల్చావు."

ఇంకో కథ ఎత్తుకోకుండానే లేచి వచ్చేశాను. నా నోటికి అలా జరగడం ఇదే మొదలు.

వాడు నమ్మేది నీ మాటే. కానీ అక్కా, ఒక్క విన్నపం. ఆఖరి పోటీకి ఇంకెన్నో రోజులు లేవు. అందాకా నోరు మెదపకు. ముందు గెలువు. పాత్ర చేతికొచ్చాక ఎంత గట్టిగా చెప్పినా ఎవరూ లాక్కోలేరు. బావ ఉంటే ఆయనా ఇదే అనేవాడు.

నీ తమ్ముడు

జూలై 6

ఒరేయ్,

సరే, నువ్వే. మీరు కాదు.

నువ్వు రెండో సగం చెప్పి ఉంటావని నాకూ తర్వాత తోచింది. చివర చెప్పకుండా కథ వదిలేస్తే నీకు కడుపునొప్పి వస్తుంది.

బావ ఉంటే ఇదే అనేవాడని రాశావు. అనేవాడు కాదు. ఒక ఖాతాదారుడు వచ్చి, రికార్డరు పాడవ్వకపోయినా పాడైందని చీటీ రాసివ్వు, అమ్మినవాడి దగ్గర డబ్బు వెనక్కి లాగుతాను అంటే, ఆ రికార్డరు వాడి చేతిలోనే పెట్టి, వాడి చేత పాట వినిపించి, బాగానే పాడుతోంది కదా వెళ్ళిరండి అన్నవాడు. అలాంటివాడి మీద చెప్పిన అబద్ధం ఎక్కి నేను పడవ నడపనా?

గెలిచాక చెప్పమంటావు. గెలిచాక చెబితే, పని అయిపోయింది కాబట్టి ఇప్పుడు మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అంటారు. నీ మేనల్లుడే ముందు అంటాడు. ఓడిపోయే వీలున్నప్పుడు చెబితేనే అది చెప్పినట్టు.

ఆఖరి పోటీ ప్రత్యక్ష ప్రసారం. కోయడానికి కత్తెర ఉండదు. పాటకి ముందు ఒక్కొక్కరికీ ఒక నిమిషం ఇస్తారు, ఓటు వేసినవాళ్ళకి దండాలు పెట్టుకోవడానికి. నేను దండం పెట్టను. జరిగింది చెబుతాను. రుమాలమ్మాయికి కూడా ముందే చెప్పాను, దొంగచాటుగా చేసే అలవాటు లేదు కాబట్టి. ఆ పిల్ల మొహం పాలిపోయింది. అమ్మా, మీకు పడిన ఓట్లన్నీ పోతాయి అంది. అవి నాకు పడినవి కావు, నాకు పడినవి ఉంటే అవే ఉంటాయి అన్నాను.

పాత్ర మీద ఆశ చచ్చిందనుకోకు. వారమంతా ఆఖరి రంగం చేయించారు. వంతెన కట్టేవాళ్ళు ఒడ్డున నిలబడి ఉంటారు. ఆవిడ పడవలోంచి లేవకుండా పాడుతుంది. ఆ పాట పాడుతుంటే నా మోకాళ్ళ నొప్పి కూడా పాటలో కలిసిపోతోందిరా. పోతే ఏడుస్తాను. కెమెరా లేనిచోట ఏడుస్తాను. అయినా చెబుతాను.

ఆ పూట నీ మేనల్లుణ్ణి ఎలాగైనా టీవీ ముందు కూర్చోబెట్టు. చెవి మెలేసైనా సరే.

నీ అక్క

జూలై 13

అక్కా,

ఏం జరిగింది?

ఇక్కడ మాకు కనపడింది చెబుతాను. ఇస్త్రీ కొట్టు లోపల, బయట, ఎదురుగా అరుగు మీద, మా వీధి మొత్తం ఉంది. నువ్వు స్టేజీ మధ్యకి వచ్చావు. మైకు చేతిలోకి తీసుకున్నావు. "నా మొగుడు తలుపు గడియ వేసిన మాట నిజం" అన్నావు. అంతే. తర్వాత నీ పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. టీవీ చెడిందని ఇస్త్రీ ఆయన దాని నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. ఇంకొకాయన వైరు పీకి పెట్టాడు. మళ్ళీ వచ్చేసరికి సబ్బు ప్రకటన. ఒక పాపాయి నురగలో కూర్చుని నవ్వుతోంది. ఆ పాపాయిని జీవితంలో క్షమించను. తర్వాత యాంకరు వచ్చి, సాంకేతిక లోపానికి చింతిస్తున్నాం అన్నాడు. నీ పాట ఆఖరి చరణం మాత్రం వినపడింది. ఆ చరణానికి కొట్టులో ఒక్కడూ కదల్లేదు.

ఓట్లు లెక్కపెట్టారు. నీతో పోటీపడిన ఒక పడుచుపిల్ల గెలిచిందన్నారు.

అంటే వాళ్ళకి వినపడిందల్లా గడియ వేసిన మాట నిజం అన్నంతవరకే. నువ్వూ ఒప్పుకున్నావని మా వీధి నిర్ణయించేసింది. నేను అరుగెక్కి మిగతాది చెప్పబోతే, మీరు ఊరుకోండి మీకు అక్క మీద ప్రేమ అన్నారు. ఇద్దరం కలిసి ఒకే కథని రెండుసార్లు సగంలో చంపాం.

దానికి తోడు, మీవాడు కనపడడం లేదు. చెవి మెలేయడానికి ముందురోజే వెళ్ళాను. కొట్టుకి తాళం. ఇంట్లో కోడలు, ఎక్కడికో చెప్పకుండా వెళ్ళాడంది. మీ వంశానికి ఇదో జబ్బులా ఉంది. ఇవాళ్టికీ రాలేదు. ఆ రెండో సగం వాడు వినలేదక్కా. ఎవరూ వినలేదు. పాత్రా పోయింది, చెప్పాలనుకున్నదీ పోయింది. నన్నేం చేస్తావో చెయ్యి.

వెంటనే రాయి. ఫోను తిరిగిస్తే ఫోను చెయ్యి.

నీ తమ్ముడు

జూలై 19

తమ్ముడూ,

ఫోను ఇచ్చారు. చెయ్యాలనిపించలేదు. ఇది ఫోనులో చెబితే నువ్వు మధ్యలో మాట్లాడతావు. కూర్చుని, మొదటినుంచి, వరసలో చదువు.

మైకు ఆపేశారు. మొదటి వాక్యం కాగానే చేతిలో అది చచ్చిపోయింది. రుమాలమ్మాయి పైవాళ్ళకి ముందే చెప్పిందట, తర్వాత నా దగ్గరికొచ్చి ఒప్పుకుంది. చెప్పకపోతే దాని ఉద్యోగం పోయేది, నేనేమీ అనలేదు. సరే, చచ్చిన మైకుని కింద పెట్టాను. దాని బదులు కడుపులోంచి పీల్చాను. ఆ హాలు ఎంతుంటుంది? కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గర నిలబడి వెనక సీటువాణ్ణి లేపినదాన్ని. ఇలా చెప్పాను:

"గడియ వేసింది వీధిలో మోత లోపలికి రాకూడదని. నా పాట టేపు మీద ఎక్కించడానికి. గడియ లోపలి వైపు ఉంది. ఆయనా లోపలే ఉన్నాడు, నేనూ లోపలే ఉన్నాను. తీయాలంటే నా చెయ్యి అందేంత దూరంలో ఉంది. నేను తీయలేదు. ఇంకో పాట పాడాను."

యాంకరు నా పక్కన నిలబడి చేతులతో గాలిలో ఏవో సైగలు చేస్తున్నాడు. వాయిద్యాలవాళ్ళు మొదలుపెట్టలేదు. ఎవరూ ముక్కు చీదలేదు. అప్పుడు వెనకాల ఎక్కడో ఒకాయన చప్పట్లు మొదలుపెట్టాడు, ఇక ఆగలేదు. ఆ చప్పట్లు ఇంటి దగ్గరున్నవాళ్ళకి చేరలేదని నువ్వు రాసేదాకా తెలియదు. సబ్బు పాపాయి చూపించారా? పోనీలే, నవ్వుతోందన్నావుగా.

ఓడిపోయాను. ఏడ్చాను, కెమెరా లేనిచోటే. గెలిచిన పిల్ల బాగా పాడుతుంది. ముసలి రంగాల్లో చెయ్యి వణికించడం మానుకుంటే ఇంకా బాగుంటుంది. ముసలివాళ్ళ చేతులు వణకవు తల్లీ, పట్టు వదలవు, అంతే అని చెప్పాను. రాసుకుంది.

బట్టలు మార్చుకుని వెనక గుమ్మంలోంచి బయటికి వస్తే, నీ మేనల్లుడు నిలబడి ఉన్నాడు. ఇంటివాళ్ళకని టీవీవాళ్ళు వాడికి పాసు పంపారట. ముందు వరసలో, కెమెరా ఎదురుగా, ఏడవడానికి వీలుగా. వీడు అక్కడ కూర్చోనని వాళ్ళతో పోట్లాడి, ఆఖరి వరసలో గోడవారగా నిలబడ్డాడు. నన్ను నిలదీసి అడుగుదామనే వచ్చాడట, నాన్న సంగతి. అడగలేదు. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"అమ్మా, నాన్న కూడా పాడేవాడా?" అన్నాడు.

"వద్దురా, ఆ గొంతుకి రేడియోలు చెడేవి" అన్నాను.

నవ్వాడు. వాళ్ళ నాన్న గురించి వాడు నవ్వడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. ఎప్పుడూ ఆ ఫోటోకి తగినట్టు బిగుసుకుని ఉండేవాడు. తర్వాత హాస్టలుకి దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. ఏం తినేవాడు, ఎలా నడిచేవాడు, కోపం వస్తే ఏం చేసేవాడు. నిన్ననే ఇక్కణ్ణుంచి బయలుదేరాడు, ఈపాటికి ఇంటికి చేరి ఉంటాడు. ఆ తెల్లటి నలుచదరం ఉందో లేదో నువ్వే వెళ్ళి చూసి రాయి.

ఇక అసలు సంగతి. మర్నాడు నాటకం దర్శకుడు పిలిపించాడు. పోటీ అంతా ఒక మూలన కూర్చుని ఒక్క మాట మాట్లాడని మనిషి. "మంగళ, బుధవారాలు జనం పలచగా ఉంటారు. ఆ అమ్మాయి గొంతుకి వారానికి రెండు రోజులు విశ్రాంతి కావాలి. మీరు చేస్తారా?" అన్నాడు. ముఖ్య పాత్రేనా అని అడిగాను. ముఖ్య పాత్రే అన్నాడు. టీవీవాళ్ళకి ఇష్టమేనా అన్నాను. "ఓట్లు వాళ్ళవి. స్టేజీ నాది" అన్నాడు. నా గొంతుకి విశ్రాంతి అక్కర్లేదు గానీ రెండు రోజులకే ఒప్పుకుంటున్నాను, పలచగా ఉంటారో లేదో చూద్దాం అన్నాను.

నువ్వు మొదటి మంగళవారమే రావాలి. ఇస్త్రీ ఆయన్నీ తీసుకురా, మాడిన చొక్కా మాత్రం వేసుకోవద్దను. ఈ కథ నువ్వు ఎవరికైనా చెబుతావు, ఆపడం నా వల్ల కాదు. చెప్పేటప్పుడు మాత్రం చివర్నించి మొదలుపెట్టు.

అన్నట్టు, నాటకానికి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి ఒక కాగితం అచ్చువేస్తారు. అందులో ఒక్కొక్కరి గురించీ రెండు మూడు మాటలు. నాది ఆఫీసులో ముందే రాసి ఉంచారు, "భర్త ఆంక్షల నీడలో పాటను బతికించుకున్న మహిళ" అని. కలం అడిగి కొట్టేశాను. ఆ కింద నేనే రాశాను. మిగతావాళ్ళంతా ఎక్కడెక్కడ నేర్చుకున్నారో రాశారమ్మా, మీరూ అలాంటిదేదైనా వేయండి అన్నారు. వేయనన్నాను. ఒక్క అక్షరం మార్చినా మంగళవారం రానన్నాను. మార్చలేదు. నిన్న అచ్చయి వచ్చింది:

"బస్సు కండక్టరు. పాడొద్దని ఈమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా వినేది కాదు."

నీ అక్క